అయ్యగారిని చూడబోయి

వీణ ఆ గదికి వెళ్ళింది సంఘానికి అయ్యగారిని ఎంచుకోవడానికి. పెళ్ళికొడుకును చూడడానికి కాదు. ఈ మాట ఆమె తర్వాత చాలామందికి చెప్పుకోవలసి వచ్చింది. ఒక్కరూ నమ్మలేదు.

హఫర్ అల్ బాతిన్‌లో శుక్రవారం మధ్యాహ్నం. రియాద్ నుంచి పొద్దున్నే బయలుదేరారు. ఓబదయ్య కారు నడిపాడు. పక్కన ఆయన భార్య వరమ్మ. వెనక సీట్లో వీణ, ఒడిలో ఆపిల్ పళ్ళ సంచి. దారి పొడుగునా ఇసుక తప్ప చూడడానికి ఏమీ లేదు.

తలుపు తీసినవాడు లుంగీలో ఉన్నాడు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో సగం కోసిన ఉల్లిపాయ. కళ్ళ నిండా నీళ్ళు.

"ఎవరు కావాలి?"

"జాబేజ్ గారు" అంది వీణ.

"నేనే. ఎందుకు?"

ఎందుకో చెప్పకూడదని ఓబదయ్య దారంతా చెబుతూనే వచ్చాడు. ఏం చెప్పాలో తోచక ఆమె ఉల్లిపాయ వంక చూసింది.

"కాసేపు నీళ్ళలో వేసి కోస్తే కళ్ళు మండవండీ."

"ఆ సంగతి చెప్పడానికా ఇంత దూరం వచ్చారు?"

అని తలుపు వేసేశాడు. చొక్కా తొడుక్కోవడానికే వేశాడు. కానీ ఆ ముక్క చెప్పి వేయవచ్చు కదా. బయట ఎండలో నల్ల అబాయాలో నిలబడి వీణ అతనికి మనసులో సున్నా మార్కులు వేసింది.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి.

వాళ్ళది గుడి లేని క్రైస్తవ సంఘం. సౌదీలో చర్చి కట్టనివ్వరు. రియాద్‌లో ఓబదయ్య ఫ్లాటులోని పెద్ద గదే గుడి. నలభై మంది దాకా వచ్చేవారు. కృష్ణా, గోదావరి జిల్లాల నర్సులే ఎక్కువ. ఎవరైనా అడిగితే పుట్టినరోజు అని చెప్పడానికి ప్రతి శుక్రవారం ఒక కేకు తెచ్చేవారు. మొదటి ముక్క కింద వాచ్‌మన్ జమాలుద్దీన్‌కు వెళ్ళేది. అతను బంగ్లాదేశ్ మనిషి. తినేవాడు, మూతి తుడుచుకునేవాడు, ఎవరి పుట్టినరోజని ఏనాడూ అడగలేదు.

వాక్యం చెప్పేది ఐజాక్ అయ్యగారు. అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామాలో మాత్రం ఆయన డ్రాఫ్ట్స్‌మన్. పాస్టరుగా వెళ్ళడానికి అక్కడ వీసా లేదు. వారమంతా ప్లాన్లు గీసి, శుక్రవారం అయ్యగారయ్యేవాడు. అలా గడిచిపోతుండగా నితాఖాత్ వచ్చింది. సౌదీలను చాలినంత మందిని పెట్టుకోని కంపెనీలను రెడ్‌లో పెట్టారు. తలకింతని లెవీ వేశారు. రెడ్ కంపెనీలో ఉన్నవాడికి ఇఖామా రెన్యూ కాదు. గ్రీన్ కంపెనీకి మారాలి, లేదా ఇంటికి పోవాలి. ఐజాక్ అయ్యగారి కంపెనీ రెడ్‌లో పడింది. అరవై దాటిన మనిషిని కొత్తగా ఎవరు తీసుకుంటారు? ఎగ్జిట్ కొట్టించుకున్నాడు.

ఊళ్ళో అయితే బిషప్పు గారు ఒక ఆర్డరు వేసి ఇంకొకరిని పంపుతారు. ఇక్కడ బిషప్పు లేడు. వరమ్మ చెల్లెలి మొగుడు హ్యూస్టన్‌లో ఎపిస్కోపల్ సంఘంలో పెద్ద. వాళ్ళ దగ్గర సంఘమే ఒక కమిటీ వేసుకుంటుందట. తమకెలాంటి మనిషి కావాలో తేల్చుకుంటుందట. వెళ్ళి చూసి, విని, ప్రార్థించి, అప్పుడు పిలుస్తుందట. ఆ రూల్సన్నీ అతను మెయిల్లో పంపాడు. ఓబదయ్య సిమెంటు కంపెనీలో అకౌంటెంటు. కాగితం మీద ఉన్నదాన్ని కాదనడం ఆయన వల్ల కాదు.

కమిటీ వేశారు. ఓబదయ్య, వరమ్మ, నర్సు వీణ, కంప్యూటరు పని చేసే క్రిస్. ఎలాంటి అయ్యగారు కావాలని సంఘాన్ని అడిగారు. ముప్పై ఏళ్ళ లోపు వాడై ఉండాలన్నారు, ఇరవై ఏళ్ళ అనుభవం ఉండాలన్నారు. ప్రసంగం చిన్నదిగా ఉండాలి, ఏ సంగతీ వదలకూడదు. తప్పులను గట్టిగా ఖండించాలి, ఎవరినీ నొప్పించకూడదు. అంతా విని ఐజాక్ అయ్యగారు నవ్వలేదు. ఆయన ఆ జనాన్ని చాలా ఏళ్ళు భరించాడు.

రూల్ నాలుగు ఏమిటంటే, నిర్ణయం అయ్యేదాకా అభ్యర్థికి సంగతి చెప్పకూడదు. చెబితే వేషం కడతాడు. రూల్ తొమ్మిది ఏమిటంటే, కమిటీ మనిషికి అభ్యర్థితో సొంత సంబంధం ఏదీ ఉండకూడదు. అది చదివినప్పుడు వీణ ఆవలించింది.

నలుగురిని చూశారు. నలుగురూ కుదరలేదు. ఐదోవాడు ఈ జాబేజ్. ఐజాక్ అయ్యగారికి అతని తండ్రి తెలుసు. వేదాంత కళాశాలలో చదివాడు, అయ్యగారికి ఒక మెట్టు కింద డీకన్ అయ్యాడు, తర్వాత అన్నీ వదిలేసి వచ్చి హఫర్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ కీపరుగా ఉన్నాడు. ఎందుకు వదిలేశాడో అయ్యగారు చెప్పలేదు.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి తీసింది అతని గదిలో ఉండే ఎల్లన్న. జగిత్యాల దగ్గరి మేస్త్రీ, యాభై దాటిన మనిషి. ముగ్గురినీ చూశాడు. ఆపిల్ పళ్ళు చూశాడు. వీణను ఇంకోసారి చూశాడు. మొహమంతా వెలుగు.

"రాండ్రి రాండ్రి. గా ఎండల నిలవడుడేంది? కూసోండ్రి. మా తమ్ముడు బంగారం. జర కోపం, గంతే."

మంచాల మీద కూర్చున్నారు. జాబేజ్ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఐజాక్ గారు మీ గురించి చెప్పారు. ఒకసారి చూసి పోదామని" అన్నాడు ఓబదయ్య.

"చూడండి."

"వయసెంత నాయనా?" అంది వరమ్మ.

"ముప్పై అయిదు."

"నాన్నగారు?"

"పల్లె గుడిలో ఉపదేశి. పోయారు."

"పాట వచ్చా?"

"వచ్చు. పాడను."

"సిగరెట్లు, మందు?" అన్నాడు ఓబదయ్య.

"లేవు."

"కోపం ఉందని ఈయనన్నారు."

"ఉంది."

"ఎవరి మీద?"

"చాలామంది మీద."

వీణ నవ్వు ఆపుకుంటూ గోడ వంక చూసింది. వరమ్మ గొంతు తగ్గించింది.

"పెళ్ళి?"

"అయింది. ఆమె పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు."

వీణ గోడ మీద నుంచి కళ్ళు తిప్పింది. అతను ఎవరినీ చూడడం లేదు. చేతుల వంక చూసుకుంటున్నాడు.

ఎల్లన్న టీ తెచ్చి అందరికీ ఇచ్చాడు. జాబేజ్‌కు ఇస్తూ వంగి చెవిలో ఏదో ఊదాడు. జాబేజ్ నిటారుగా అయ్యాడు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. అప్పుడు మొదటిసారి వీణను సరిగ్గా చూశాడు, ఏదో నమ్మలేనట్టు.

"మీకు వంట వచ్చా?"

వీణ ఉలిక్కిపడింది. అభ్యర్థి కమిటీని అడగవలసిన ప్రశ్న కాదది.

"రాదు. ఎందుకు?"

"ఊరికే. నాకు వచ్చు."

అన్నట్టే వండి పెట్టాడు కూడా. వద్దంటే ఊరుకోలేదు. బయలుదేరేటప్పుడు ఓబదయ్య చెప్పాడు. "ఏదైనా ఉంటే వీణకు ఫోన్ చెయ్యండి. అన్నీ తనే చూస్తుంది. నంబరు రాసుకోండి."

ఎల్లన్న జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. అతని చెయ్యి అంత వేగంగా ఎప్పుడూ కదిలి ఉండదు.

కారులో ఓబదయ్య అన్నాడు, "గర్వం."

"దుఃఖం" అంది వరమ్మ.

"పొగరు" అంది వీణ. ఆ కోడికూర వాసన ఆమె స్కార్ఫుకు అంటుకుని రియాద్ దాకా వచ్చింది. దాన్ని ఆ వారం ఉతకలేదు.

జాబేజ్ ఆదివారం ఫోన్ చేశాడు. అక్కడ ఫోన్లలో సంఘం, పాస్టరు లాంటి మాటలు ఎవరూ అనరు. అదొక అలవాటు. అందుకే వీణకు అనుమానం రాలేదు.

"ఏమనుకున్నారు?" అన్నాడు.

"నేనొక్కదాన్నే అనుకునేది కాదు. కమిటీ ఉంది."

"కమిటీనా? దీనికి కూడా కమిటీ వేశారా?"

"నలుగురం."

అటు నుంచి నవ్వు. అతను నవ్వగలడని ఆమెకు అప్పుడే తెలిసింది.

"నా ముందు ఇంకెవరినైనా చూశారా?"

"నలుగురిని."



"ఒక్కరూ నచ్చలేదా?"

"ఒకాయన నచ్చారు. గొంతు చాలా బాగుంది. కానీ అరవై రెండేళ్ళు."

"అరవై రెండా?"

"అవును. అదొక్కటే ఇబ్బంది. లేకపోతే అందరికీ ఇష్టమే."

"మీక్కూడానా?"

"నాక్కూడా. మంచాయన."

జాబేజ్ ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ మంగళవారం చేశాడు. నైట్ డ్యూటీ దిగి వచ్చాక ఏం తింటారని అడిగాడు. బ్రెడ్డు అంది. ఒట్టి బ్రెడ్డేనా అన్నాడు. ఆమెను చూడడానికి ఊళ్ళో చాలామంది వచ్చి పోయారు. హాస్పిటలు గురించి అడిగారు, వీసా గురించి అడిగారు. ఏం తింటావని అడిగినవాడు లేడు. ఇతనేమో పెళ్ళి సంగతి లేకుండానే అడిగాడని ఆమె అనుకుంది. ఆ కారణంగా ఇంకా నచ్చాడు.

అక్టోబరంతా ఫోన్లు నడిచాయి. వంకలు అవే పుట్టాయి. కూరలో ఉప్పెక్కువైతే ఏం చేయాలని ఆమె అడిగేది. వండని మనిషికి ఉప్పు ఎక్కడ ఎక్కువైందని అతను అడగలేదు. మోకాలు నొప్పికి ఏ మాత్ర వేసుకోవాలని అతను అడిగేవాడు. మోకాలు ఎల్లన్నది.

"ఒక సంగతి ముందే చెబుతున్నాను. తర్వాత దాచానని అనకండి. మా కంపెనీ కూడా రెడ్‌లో పడింది. గడువు దాటేలోపు మారకపోతే నేనూ ఎగ్జిటే" అన్నాడొకరోజు.

డయాలిసిస్ వార్డు బయట నిలబడి ఉంది వీణ. లోపల మెషిను కూత పెడుతోంది. వెళ్ళి ఆపాలి. ఫోను చెవి దగ్గరి నుంచి తీయలేదు. ఈ గొంతు ఫోన్లో నుంచి పోతుందన్న మాట అంత బరువుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. కమిటీకి ఒక అభ్యర్థి తగ్గుతాడని మాత్రం ఆ క్షణం తోచలేదు. రూల్ తొమ్మిది గుర్తొచ్చింది. ఈసారి ఆవలింత రాలేదు.

తర్వాతి శుక్రవారం అతన్ని రమ్మన్నారు. ఓబదయ్యే ఫోన్ చేసి, "మా ఇంటికి రండి, అందర్నీ కలిసినట్టుంటుంది" అన్నాడు. రూల్ ప్రకారం అభ్యర్థిని సంఘం వినాలి. ముందుగా చెప్పి రాయించుకున్న ప్రసంగం కాకూడదు.

జాబేజ్ కొత్త చొక్కాలో వచ్చాడు. చేతిలో ఒక కవరు. గుమ్మంలోకి రాగానే చాపల మీద కూర్చున్న నలభై మందిని చూసి ఆగిపోయాడు.

"వీళ్ళంతా మీ చుట్టాలా?" అన్నాడు వీణతో చిన్నగా.

"ఒక రకంగా."

కూర్చోబెట్టారు. పాట పాడారు. ప్రార్థన చేశారు. ఓబదయ్య లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఐజాక్ అయ్యగారు వెళ్ళిపోతున్న సంగతి మీకు తెలుసు. ఆ స్థానానికి మనం చూస్తున్న సహోదరుడు వీరు. ఇప్పుడు వాక్యం చెబుతారు."

జాబేజ్ లేవలేదు. కవరు వంక చూశాడు. వీణ వంక చూశాడు. ఆమెకు కవరు అంచులో పచ్చ చీర జరీ కనిపించింది. హఫర్‌లో ఎల్లన్న చెవిలో ఊదిన మాట, వంట వచ్చా అన్న ప్రశ్న, అరవై రెండేళ్ళ గొంతు, అన్నీ వరసగా వచ్చి ఆమె మీద పడ్డాయి. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అతను లేచాడు.

"నేను ప్రసంగానికి రాలేదు. పిల్లను అడగడానికి వచ్చాను. పొరపాటు నాది."

వెనక వరసలో నర్సులు కిసుక్కుమన్నారు. అతను వాళ్ళ నవ్వు అయిపోయేదాకా ఆగాడు.

"లేపారు కాబట్టి ఒక సంగతి చెప్పి పోతాను. మా సంఘంలో రెండు పార్టీలు. ఎలక్షన్లో నేను ఒక పార్టీ వైపు నిలబడ్డాను. తర్వాత నెల నా భార్య పోయింది. సమాధుల దొడ్డి తాళం అవతలి పార్టీ దగ్గర. ఇవ్వలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమెను పెట్టుకుని గేటు బయట కూర్చున్నాను. చివరకు గొలుసు కోయించాను. ఆ ఆదివారం వాళ్ళే గుడిలో ముందు వరసలో నిలబడి ప్రభువు ప్రార్థన చెప్పారు. అందులో తప్పు చేసినవాళ్ళను క్షమించే మాట ఉంది కదా, అది కూడా గడగడా చెప్పారు. నేను చెప్పలేకపోయాను. ఇప్పటికీ అక్కడికొచ్చి ఆగిపోతాను. ఆ మాట నోరు తిరగనివాడిని మీరు అయ్యగారిగా పెట్టుకోకూడదు. అంతే."

కవరు తీసుకుని బయటికి నడిచాడు. వీణ మెట్ల మీద అందుకుంది.

"ఆగండి."

"బస్సుంది."

"మీరలా అనుకున్నారని నాకు తెలియదు."

"పళ్ళు తెచ్చారు. వయసు అడిగారు. పెళ్ళి అడిగారు. పాట వచ్చా అన్నారు. ఇంకెవరైనా ఏమనుకుంటారు?"

వీణ ఆలోచించింది. "అదే అనుకుంటారు."

"నలుగురిని చూశామన్నారు."

"అయ్యగార్లను."

"అరవై రెండేళ్ళాయన మీకూ నచ్చాడన్నారు. రెండు రోజులు అన్నం సయించలేదు నాకు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. అతను నవ్వలేదు. కిందికి దిగాడు.

బయట వాన. రియాద్‌లో వాన పడితే జనం పని మానేసి చూస్తారు. జమాలుద్దీన్ గేటు దగ్గర చెయ్యి చాచి నిలబడ్డాడు. జాబేజ్ కవరును కొత్త చొక్కా లోపల పెట్టుకుని, పైన రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వానలోకి వెళ్ళాడు. తల తడిసింది, వీపు తడిసింది. చీర తడవలేదు. వీణ మెట్ల మీద నుంచి అది చూసింది. వదులుకునేవాడైతే ఆ కవరును అంత జాగ్రత్తగా మోయడు. ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ సాయంత్రం కమిటీ కూర్చుంది.

"తగనని తానే చెప్పాడు" అన్నాడు ఓబదయ్య.

"నలుగురూ వాళ్ళ గొప్ప చెప్పి పోయారంకుల్. ఈయనొక్కడే తన లోపం చెప్పాడు. నాకు ఈయన చాలు" అన్నాడు క్రిస్.

"నాకూ" అంది వరమ్మ.

"మా కంపెనీ గ్రీన్. స్టోర్ కీపరు కావాలని మొన్నటి నుంచీ అడుగుతున్నారు. గడువు లోపల మార్పించవచ్చు." ఓబదయ్యకు ఒప్పుకోవడం కంటే దారి చూపడం తేలిక. "వీణా, నీ ఓటు?"

"వేయనంకుల్."

"ఎందుకు?"

"రూల్ తొమ్మిది."

వరమ్మ టీ గ్లాసులు తీస్తూ, "నాకు హఫర్‌లోనే తెలుసు. ఆ స్కార్ఫు ఉతకనప్పుడే అనుకున్నాను" అంది.

ఓబదయ్య కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు. హ్యూస్టన్‌కు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు.

"తమ్ముడూ, కమిటీలో అమ్మాయి, అభ్యర్థి ఇష్టపడ్డారు. మీ దగ్గర ఏం చేస్తారు?"

"మాకిలాంటి కేసు రాలేదన్నయ్యా. బిషప్పును అడగాలి."

"మాకు బిషప్పు లేడు."

"అయితే అక్కనే అడగండి."

వరమ్మ అడగకుండానే చెప్పింది. "అమ్మాయి కమిటీ మానేస్తుంది. అబ్బాయికి సంగతి వేరే వాళ్ళు చెబుతారు. దీనికి హ్యూస్టన్ దాకా ఎందుకు?"

సంఘం పిలుపు ఓబదయ్య ఫోన్ చేసి చెప్పాడు. జాబేజ్ వద్దన్నాడు. ఉద్యోగం కోసం అయ్యగారయ్యాడని అంటారు, వద్దన్నాడు. టికెట్ చూసుకుంటున్నానన్నాడు. వరమ్మ ఈ మాట చెప్పినప్పుడు వీణ వార్డులో ఉంది. గ్లవ్స్ తీసి, బయటికొచ్చి ఫోన్ చేసింది.

"నేనిప్పుడు కమిటీలో లేను. కాబట్టి రండి అని అడగను. రెండు సంగతులు చెబుతాను. రెండింటినీ కలపకండి."

"చెప్పండి."

"మా వార్డులో పోయినేడు ఒకాయన చనిపోయారు. కరీంనగర్ వైపు మనిషి. మనలో మనిషి కాదు, మన మతం కాదు. ఆయన కఫీల్, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న సౌదీ, ఫోనెత్తలేదు. ఓబదయ్య అంకుల్ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఈ సంతకం లేదంటే అక్కడికి, ఆ ముద్ర లేదంటే ఇక్కడికి. రంజానంతా తిరిగాడు. ఆయన్ని ఇంటికి చేర్చేదాకా ఊరుకోలేదు. ఆయన రూల్స్ పిచ్చికి మేమంతా నవ్వుతాం. ఆ రోజు అదే పనికొచ్చింది. మీ ఊళ్ళో తాళం ఇవ్వనివాళ్ళ గురించి చెప్పారు. గేటు తీయించడానికి తిరిగినవాడి గురించి కూడా మీకు తెలియాలి. అంతే."



"రెండోది?" అన్నాడు జాబేజ్.

"ఆ చీర ఎవరికైనా ఇచ్చేశారా?"

"లేదు."

"ఎక్కడుంది?"

"స్టోరులో. తాళం వేసి పెట్టాను."

"తీసుకురండి. అయ్యగారిగా వచ్చినా సరే, రాకపోయినా సరే. ఎగ్జిట్ మీద వెళ్ళేటట్టయితే నా సెలవు ఫిబ్రవరిలో. ఊళ్ళో ఎక్కడుంటారో చెప్పి వెళ్ళండి."

"వీణ గారూ."

"ఊ."

"ఉల్లిపాయలు నీళ్ళలో వేసి కోశాను. నిజమే. మండవు."

ఇదొక ప్రేమమాటని ఇంకెవరికీ తట్టదు. ఆమె కారిడారులో గోడకు ఆనుకుని, కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు జాబేజ్ ఓబదయ్యకు ఫోన్ చేసి పిలుపుకు సరేనన్నాడు. వరమ్మ దెందులూరుకు ఫోన్ చేసి వీణ తల్లికి సంగతి చెప్పింది.

"ఏం చేస్తాడు?" అంది తల్లి.

"స్టోర్ కీపరు. శుక్రవారాలు అయ్యగారు."

"మొదటి పెళ్ళేనా?"

"కాదు. ఆమె పోయింది."

"అయితే రెండో పెళ్ళివాడా?" అంది తల్లి.

"వంట చేస్తాడొదినా" అంది వరమ్మ.

"ముందే చెప్పరేం? దానికి నీళ్ళు కాచడం కూడా రాదు. సరే అనండి."

గడువుకు ముందే కాగితాలు మారాయి. జాబేజ్ ఇఖామా మీద సిమెంటు కంపెనీ పేరు పడింది. మెసేజి వచ్చినప్పుడు హఫర్‌లో ఎల్లన్న గదంతా వినబడేలా చదివించుకున్నాడు. "నేను ముందే జెప్పిన గద తమ్మీ. పిల్లనిచ్చెటోళ్ళే అచ్చిండ్రని. జర అటిటు అయింది, గంతే" అన్నాడు.

ఐజాక్ అయ్యగారి ప్రయాణం శనివారం. శుక్రవారం కూడికలో ఆయన పాత ఉంగరాలు రెండు ప్రార్థించి వీణకూ జాబేజ్‌కూ ఇచ్చాడు. అవి వరమ్మవి. వీణ పచ్చ చీరలో ఉంది. కుచ్చిళ్ళు ఒకవైపు ఎక్కువొచ్చాయి. ఎవరూ దిద్దలేదు.

ఓబదయ్య చివరి రూల్ చదివాడు. కొత్త అయ్యగారికి గుడి తాళం అందించాలి.

"మనకు గుడే లేదు. తాళం ఎక్కడిది?" అన్నాడు క్రిస్.

వరమ్మ నడుముకున్న గుత్తిలోంచి ఫ్లాటు తాళం చెవి తీసి జాబేజ్ చేతిలో పెట్టింది. అతను దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఇత్తడిది, అరిగిపోయింది. వేళ్ళు మూయడానికి అతనికి కొంత సమయం పట్టింది.

ప్రభువు ప్రార్థన చెప్పించమన్నారు. మొదలుపెట్టాడు. అందరూ వెంట చెప్పారు. క్షమించే మాట దగ్గరికి వచ్చి ఆగాడు. గది కూడా ఆగింది. ఒక్కరూ అతన్ని దాటి ముందుకు పోలేదు. ఏనాడూ ఒక్కమాట మీద నిలవని సంఘం అది. ఆ రోజు నిలబడింది. ఏసీ చప్పుడు వినిపించింది. వీణ అతని వైపు చూడలేదు. చూస్తే తొందరపెట్టినట్టవుతుందని నేల చూసింది.

అతను ఆ మాట చెప్పాడు. బొంగురుగా, మెల్లగా, చివరిదాకా.

నిజంగా క్షమించాడో లేదో ఎవరికి తెలుసు. ఆ తాళం ఇవ్వనివాళ్ళకు ఆ క్షమాపణ దక్కాలని కూడా లేదు. కానీ మాట పైకొచ్చింది. మిగిలిన ప్రార్థన గదిలో నలభై మందీ కలిసి ముగించారు.

కేకు కోశారు. మొదటి ముక్క పట్టుకుని వీణ కిందికి వెళ్ళింది. వెనకే జాబేజ్. జమాలుద్దీన్ ముక్క అందుకుని, చీర చూశాడు, ఉంగరం చూశాడు, జాబేజ్‌ను చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగాడు.

"దీదీ, ఆజ్ కిస్కా బర్త్‌డే హై?"

"బర్త్‌డే నహీఁ భాయ్. మేరీ మంగ్నీ హుయీ."

నిశ్చితార్థమన్న మాట విని అతను నవ్వాడు. ఎవరైనా వస్తున్నారేమోనని గేటు అవతల రోడ్డు వైపు ఒకసారి చూసి వచ్చాడు. ప్రతి శుక్రవారం అలా చూసి వచ్చేవాడని వీణకు అప్పుడే తట్టింది. ఏడాదికి యాభై పుట్టినరోజులు జరిగే ఇంటిని అతను ఎన్నడూ నమ్మలేదు. ఎవరికీ చెప్పలేదు, అంతే.

"మాషా అల్లా. చలో, ఆజ్ తో సచ్ బోలా" అన్నాడు.

పోనీలే, ఇవాళైనా నిజం చెప్పారు అని. జాబేజ్ పగలబడి నవ్వాడు. తర్వాత తన ముక్క కూడా తెచ్చి అతనికి ఇచ్చాడు.